చుట్టాల్లేని కోచ్

ఆ ఏడు వేట నిషేధం మొదలైన మూడోరోజున మా పాలెంలోకి చేప తినని మనిషి ఒకడు వచ్చాడు. పేరు బెన్హర్. ఊరు కొడవలూరు. వరి పండే ఊరివాడు, అలకు పదిగజాల దూరంలోనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునే రకం. అలాంటి మనిషిని తెచ్చి, ఇకనుంచి మా పాలెం ఫుట్‌బాల్ టీముకు ఈయనే కోచ్ అన్నారు. అది ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచే నా మొగుడు గంగాధరం పదకొండేళ్ళుగా చేస్తున్న పని.

ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా మాకు వేట ఉండదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు ఆపుతుంది. బోట్లు ఒడ్డెక్కుతాయి. మగవాళ్ళకు చినిగిన వలలు కుట్టుకోవడం, బంతి తన్నడం తప్ప వేరే పని లేదు. వాకాడు పక్కనున్న పాలేలన్నీ కలిపి పద్నాలుగు ఊళ్ళు ఆ రెండు నెలల్లో ఒక కప్పు కోసం కొట్టుకుంటాయి. మా పాలెం ఆ కప్పును ముట్టుకుని పందొమ్మిదేళ్ళయింది. కిందటేడు ఏడు గోల్స్ తేడాతో ఓడిపోయి వచ్చాం. గాలి ఎదురుగా కొట్టింది మరి.

బెన్హర్‌ను తెచ్చే మాట మా పెద్దకాపు, అంటే ఊరి పెద్ద, చిన్నపోలయ్య మామ వలల షెడ్డు కింద ఊరిని కూర్చోబెట్టి చెప్పాడు. మగవాళ్ళు ముందు, మేం వెనక. మొదట లేచింది మా అన్నే.

"ఏం మామా, మనోళ్ళు చచ్చిపోయినారా? బయటోడు దేనికి?"

"మన దేశం టీముకే బయటి దేశాల కోచ్‌లు వస్తా పోతా ఉండారు. మనది అంతకన్నా పెద్ద టీమా?"

"వచ్చినోళ్ళు ఏం ఒరగబెట్టినారు? మన ఎండ తెలీదు, మన గాలి తెలీదు. ఓడిపోతే విమానమెక్కి వాళ్ళ దేశం పోతారు. మనోడైతే ఓడిపోయినా మన మధ్యనే తలొంచుకుని తిరగాల."

"తలొంచుకుని తిరిగేదానికా కోచ్‌ను పెట్టుకునేది?" అన్నాడు మామ. "గంగాధరం, నువ్వేమంటావు?"

నా మొగుడు వల కుట్టే సూదిమీంచి చూపు తిప్పకుండా, "ఊరి మాటే నా మాట మామా," అన్నాడు.

పదకొండేళ్ళు గొంతు చించుకుని అరిచిన మనిషి, ఒక్క మాట ఎదురు చెప్పకుండా పక్కకు తప్పుకున్నాడు. బాధను లోపలే మింగుతున్నాడని అనుకున్నాను. ఇంటికి వచ్చి సుబ్బరంగా రెండు పళ్ళేల అన్నం తిని మధ్యాహ్నం గురకపెట్టి నిద్రపోయాడు. మనసు బాగాలేని మనిషి అలాగే నిద్రపోతాడని సరిపెట్టుకున్నాను. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. "కామమ్మ కొలత చూడకుండా తల్లిపాలు కూడా తాగలేదు," అనేది మా అమ్మ. చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగే ఆడది మనిషి కళ్ళలోకి చూడకుండా బేరం చేస్తే బతకలేదు. కాబట్టి బెన్హర్ కళ్ళలోకి చూడటం మొదలుపెట్టాను.

మా పాలెంలో కొత్తమనిషి దిగితే ఇంటికొక గిన్నె కూర పంపడం మర్యాద. నేను కాలవలో దొరికిన పండుగొప్ప చేప పులుసు పంపాను. వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగి వచ్చింది. మా పక్కింటి ఉష పంపిన రొయ్యల వేపుడూ తిరిగి వచ్చింది. తుఫాను షెల్టర్‌లో ఒక గది ఇస్తే, అక్కడే పప్పు ఉడకేసుకుని తింటున్నాడు.

"చేపలూళ్ళో ఉంటా చేప తినని మనిషిని ఎట్టా నమ్మేది?" అన్నాను ఉషతో.

"ఒంటికి పడదేమో అక్కా."

"ఒంటికి పడకపోతే ఆ మాటే చెప్పొచ్చు గదా. 'వద్దమ్మా' అని నవ్వి పంపించినాడు. ఆ నవ్వే నాకు నచ్చలేదు."

రెండోది, తెల్లారగానే సరుగుడు తోపు దగ్గరి నుంచి బోట్ల దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒక పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. సముద్రం ఒడ్డున భూమి కొలిచేవాడు వచ్చాడంటే వెనకాల ఏదో కంపెనీ ఉంటుందని మా పిల్లకాయలకు కూడా తెలుసు. ఒకరోజు దారికి అడ్డం నిలబడి అడిగాను.

"ఏంది సార్ కొలస్తా ఉండారు?"

"గ్రౌండ్ అమ్మా."

"గ్రౌండ్ యాడుందో మా వోళ్ళకు తెలుసు గదా."

"యాడుందో తెలుసు. ఎంతుందో తెలీదు," అన్నాడు. మళ్ళీ అదే నవ్వు.

ఆ మధ్యాహ్నం శ్రీహరికోట రాకెట్ పోతుంటే మా ఇంటి రేకులు అదిరాయి. పాలెంలో తలెత్తి చూసినవాడు ఆయన ఒక్కడే. దాన్ని కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

మూడోది అన్నిటికంటే చెడ్డది. ఎవరు కనిపించినా చుట్టరికాలు అడిగేవాడు. ఎడమ పక్క ఆడే చిన్నబాబు ఎవరి కొడుకు, వెనకాల నిలబడేవాళ్ళిద్దరూ ఒకింటి వాళ్ళేనా, గోల్‌లో ఉండే సుబ్బు ఎవరి తాలూకు. చిన్నబాబు మా అన్న కొడుకు. వెనకాల ఇద్దరూ మా చెల్లెలి మరుదులు. సుబ్బు నా కొడుకు. ఇందులో దాచాల్సిందేముంది?

మా టీము ఎలా తయారవుతుందో చెప్పాలి. ఒడ్డు నుంచి లాగే అలివి వలకు మా ఊళ్ళో వంతులున్నాయి. ఏ ఇంటి వంతు వచ్చిన రోజు ఆ ఇంటివాళ్ళు వల వేస్తారు. బలమున్నవాడని ఒకడే రోజూ లాగేస్తే మిగతా ఇళ్ళు ఏం తినాలి? ఆటకూ అంతే. ఇంటికొక వంతు. ఎవరికీ అన్యాయం జరగకూడదని మా పెద్దలు పెట్టిన పద్ధతి. కాకపోతే వంతుల్లో అటూ ఇటూ సర్దుబాట్లు ఉంటాయి. టీము పేర్లు రాయడానికి నా మొగుడు వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటే నేను పక్కనే చేపలు తోముతూ ఉండేదాన్ని. "చిన్నబాబును మరిచిపోయినావే," అంటే రాసేవాడు. "చెల్లెలి మరుదుల్ని పెట్టకపోతే రేపు దాని మొహం ఎట్టా చూసేది?" అంటే రాసేవాడు. మొగుడు మరిచిపోయినవి గుర్తుచేయడం పెళ్ళాం పని కదా. సుబ్బు పేరు నేను చెప్పనక్కర్లేకుండానే పైన ఉండేది.

ఇల్లరికం వచ్చిన అల్లుళ్ళకు వంతు లేదు. ఉష మొగుడు రంగనాయకులు అలా వచ్చినవాడే. పుట్టింది కొత్తపాలెంలో. ఆరేళ్ళుగా మా ఊళ్ళో ఉంటున్నా మా టీములో బంతి ముట్టలేదు.

మే నెల మొదటి వారంలో బెన్హర్ పదకొండు పేర్లు రాసి షెల్టర్ గోడకు అంటించాడు. చిన్నబాబు లేడు. చెల్లెలి మరుదుల్లో ఒకడు లేడు. గోల్‌లో రంగనాయకులు. సుబ్బు పేరు అడుగున, గీత కింద, ఆడనివాళ్ళలో ఉంది.

కొంగు బిగించి షెల్టర్‌కు పోయాను.

"మా సుబ్బు ఏం తప్పు చేసినాడు సార్?"

"తప్పేం లేదమ్మా. మంచి పిలకాయ. బంతి మీదికొస్తే కళ్ళు మూసుకుంటాడు."

"ఎండ కళ్ళలో పడతాది."

"పొద్దునా, సాయంత్రం, రెండు పక్కలా పడతాదామ్మా?"

అంత జవాబు చెప్పే మగవాడు మా పాలెంలో లేడు. ఇంటికి వచ్చి నా మొగుడి మీద పడ్డాను. "నీ కొడుకును గీత కింద రాసినాడు. నువ్వేమో వల కుట్టుకుంటా కూర్చో."

"ఆయన టీము. ఆయనిష్టం," అన్నాడు.

"కొత్తపాలెం వోణ్ణి తెచ్చి గోల్‌లో నిలబెడతాడా? రేపు వాళ్ళ ఊరితోనే ఆట పడితే?"

"పడినప్పుడు చూద్దాం."

సుబ్బు మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. "బాధపడబాక నాయనా," అన్నాను. "నాకేం బాధ లేదుమా," అన్నాడు. మాట తేలిగ్గానే ఉంది. తండ్రి పోలికే, లోపల దాచుకునే రకం అనుకుని వాడి కోసం కూడా నేనే ఏడ్చాను.

తర్వాత మూడు వారాల్లో మా పాలెం ఐదు ఆటలు ఆడి ఐదూ గెలిచింది. ఊరు ఊరంతా పండగ. నేను మాత్రం ఉప్పునీళ్ళలో పడ్డ చెరువు చేపలా తిరిగాను. ఒక ఊరివాళ్ళకు వడదెబ్బ తగిలిందన్నాను. ఇంకో ఊరివాళ్ళను బెన్హర్ ముందే మాట్లాడుకున్నాడన్నాను. కొత్తపాలెంతో పడితే రంగనాయకులు పుట్టిన ఊరికే వదిలేస్తాడని మా గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్ళతో అన్నాను. ఇదంతా చిన్నపోలయ్య మామ పన్నాగమని నాకు రూఢి అయిపోయింది. నాలుగేళ్ళ కింద జాతరలో నా మొగుడితో ఆయనకు మాటామాటా వచ్చింది. ఆ కసి ఇలా తీర్చుకుంటున్నాడు. ఈ బెన్హర్ ఆయనకు ఏ దారిన చుట్టమో పట్టుకుంటే ఊరి ముందు పెట్టి కడిగేయొచ్చు.

నిషేధం రోజుల్లో మేం ఎండుచేపలు అమ్ముతాం. మామూలుగా వాకాడు చుట్టుపక్కలే తిరుగుతాను. ఫైనల్‌కు వారం ఉందనగా రెండు గంపల ఎండు నెత్తళ్ళు ఎత్తుకుని నెల్లూరు పోయి, అక్కడ బస్సు మారి హైవే మీద కొడవలూరులో దిగాను. బెన్హర్ ఇల్లు అడిగితే అందరికీ తెలుసు. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. గేటు పక్కన కనకాంబరాలు, తలుపు మీద శిలువ. ఆయన భార్య ఫ్లోరమ్మ బయటికి వచ్చింది.

"ఎండుచేపలా? ఏ ఊరివి?"

"సముద్రం పక్కవేనమ్మా," అంటూ గంపలు దించి మెట్టు మీద కూర్చున్నాను.

చేటలో పోసి చూసి, "నెత్తళ్ళంటే మా ఆయనకు ప్రాణం," అంది. "ఉంటే కిలో అయినా ఒక్కడే తింటాడు. పాపం, నెలన్నరగా పప్పు తింటా ఉండాడు."

"ఊళ్ళో లేరామ్మా?" అన్నాను, చేతిలో గుప్పెడు నెత్తళ్ళు అలాగే పట్టుకుని.

"మీ వైపే, ఒక పాలెంలో పిలకాయలకు ఆట నేర్పతా ఉండాడు. ఆ పాలెంలో ఎవురింట్లోనూ చెయ్యి కడగనని ఒట్టు పెట్టుకుని పోయినాడు. ఈరోజు వాళ్ళ పులుసు తింటే రేపు వాళ్ళ పిల్లోణ్ణి పక్కన కూర్చోబెట్టేదానికి నోరు రాదంట."

"అంత ఇదిగా పిలిపించుకున్నోళ్ళు ఎవురో. పెద్దకాపులా?"

"కాదు కాదు. ఇంతకుముందు కోచ్‌గా ఉన్నాయనే. గంగాధరమని. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. మూడుసార్లు వచ్చినాడు. ఇదో, ఇప్పుడు నువ్వు కూర్చున్నావే, ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. మా ఆయన రానంటే రానన్నాడు. మూడోసారి మాత్రం ఆయన మాటలకు కరిగిపోయినాడు."

నేను మెట్టు వైపు చూసుకున్నాను. మెల్లిగా కింది మెట్టుకు జరిగాను.

"ఏమన్నాడమ్మా అంతగా?"

ఫ్లోరమ్మ నవ్వింది. మంచి మనిషి, ఎగతాళి లేదు ఆ నవ్వులో. "టీము తాను వెయ్యట్లేదంట. ఇంట్లో ఆమె వేస్తాదంట. పదకొండేళ్ళ నించి ఆమె చెప్పిన పేర్లు రాస్తా ఉండాడంట. 'ఆమె మంచిదే సార్, కానీ ఎదురు చెప్పేదానికి నాకు నోరు లేదు. నా కొడుక్కి బంతంటే భయం, ఆ మాట వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆమెకు చెప్పేదెవురు? మీకు మా ఊళ్ళో అత్త లేదు, మామ లేడు, మీరైతే చెప్పగలరు,' అన్నాడు. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఎంత భయపడితే అంత దూరం వస్తాడు?"

నెత్తళ్ళు కిలో తూచి పోశాను. ఇంకో దోసెడు ఊరికే పోశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా మొగుణ్ణి తిట్టాను. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేను కాదంటానా అని తిట్టాను. గూడూరు దాటాక తెలిసింది, అంటానని. గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని. మూడు రోజులు పొయ్యి వెలిగించేదాన్ని కాదు. మా అన్నను పిలిపించి ఇంట్లో పంచాయితీ పెట్టేదాన్ని. సుబ్బు పుట్టినప్పటి కష్టాలన్నీ ఏకరువు పెట్టేదాన్ని. ఆ మనిషి ఇవన్నీ ముందే చూసి, మూడుసార్లు రెండేసి బస్సులు మారి, పరాయి ఇంటి మెట్టు మీద కూర్చుని బతిమాలుకుని, ఆ కబురు ఊరికి మామ నోట చెప్పించాడు. నాకు సిగ్గేసింది. ఊరందరినీ జల్లెడ పట్టిన నా కంటికి నేను కనబడలేదు.

ఇంట్లో నేనేమీ అనలేదు. రెండు రోజులు చూసి నా మొగుడే, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను. నమ్మలేదు. మూడోరోజు మా అన్న వచ్చాడు. ఫైనల్ చూడటానికి వియ్యంకులు వస్తున్నారట, చిన్నబాబును కాసేపన్నా ఆడించమని నన్నే బెన్హర్‌కు చెప్పమన్నాడు.

"నేను చెప్పేదేంది అన్నా? అది ఆయన టీము."

మా అన్న నన్ను దిష్టి తగిలినదాన్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు. గుమ్మంలో నా మొగుడి చేతిలో సూది ఆగిపోయింది.

ఫైనల్ కొత్తపాలెంతోనే పడింది. ఆట చెరొక గోల్‌తో ఆగి పెనాల్టీలకు వెళ్ళింది. రంగనాయకులు ఒకటి ఆపాడు, మావాళ్ళు రెండు బయటికి కొట్టారు. ఆఖరి బంతికి రంగనాయకులు కుడివైపు దూకాడు. బంతి వేళ్ళకు తగిలి లోపలికి పోయింది. ఒక్క గోల్ తేడా.

ఇసకలోంచి ఆ మనిషి ఇంకా లేవకముందే మా జనంలో మాట పుట్టింది. పుట్టిన ఊరికి వదిలేశాడని. మేనమామలు కబురు పెట్టారని. సాయంత్రానికి ఆ మాటకు కాళ్ళూ చేతులూ వచ్చాయి. ఉష తలుపేసుకుంది. ఆ మాటను నేను గుర్తుపట్టాను. మే నెలలో నా ఇంట్లోంచి బయటికి పోయిన మాటే అది.

మర్నాడు పొద్దున వలల షెడ్డు కింద ఊరు కూర్చుంది. చిన్నపోలయ్య మామ మొహం వాడిపోయి ఉంది. "ఊరు రెండు మాటలు అడగతా ఉండాది," అన్నాడు. "టీము మళ్ళీ గంగాధరం చేతికే. రెండోది, బయటి నించి వచ్చినోడు కోచైనా, అల్లుడైనా, ఇంక మన టీములో ఉండకూడదని దురాయి."

దురాయి అంటే ఊరి కట్టు. ఒకసారి పడితే తీసేవాడు ఉండడు, దాటినవాడితో ఊరు మాట్లాడదు. బెన్హర్ సంచి సర్దుకుని షెడ్డు చివర నిలబడ్డాడు. రంగనాయకులు మగవాళ్ళ మధ్య కూర్చున్నాడు, అటూ ఇటూ ఎవరూ ఆనుకుని కూర్చోలేదు. నేను రెండు నెలలుగా కోరుకున్నదంతా చేతికి అందుతోంది. మొగుడికి పరువు, కొడుక్కి గోల్.

"ఏం గంగాధరం, వచ్చే ఏడు టీములో ఎవురెవురు?" అన్నాడు మా అన్న, నవ్వుతూ.

అడిగింది నా మొగుణ్ణి. తలలన్నీ తిరిగింది నా వైపు. ముందున్న మగవాళ్ళు కూడా మెడలు తిప్పి నన్నే చూశారు.

నేను లేచాను. మా ఊళ్ళో ఆడది కూర్చునే మాట్లాడుతుంది.

"పదకొండేళ్ళు టీము వేసింది నేను. నా మొగుడు ఉత్తగా రాసినాడు, అంతే," అన్నాను. "నా అన్న కొడుకని, చెల్లెలి మరిదని, నా బిడ్డని వేసినాను. పోయినేడు ఏడు గోల్స్‌తో ఓడినాం. అది నా టీము. ఈయేడు బెన్హర్ సార్ వచ్చినాడు, ఒక్క వేలెడు తేడాతో ఓడినాం. అది ఆయన టీము. దురాయి వెయ్యాలంటే నా మీద వెయ్యండి. ఆయనకు మన ఊళ్ళో చుట్టాల్లేరు, అదే మనక్కావాల్సింది. ఇంక రంగన్న వదిలేసినాడంటారా, ఆ మాట నేనే పుట్టించినాను, ఆట జరక్కముందే."

సుబ్బు వెనక నుంచి, "ఆ బంతి నేనైతే చూసుండేవాణ్ణి కూడా కాదు. రంగన్న వేలు తగిలించినాడు," అన్నాడు. నేను ఏడవకుండా ఉండటానికి కొంగు నోట్లో పెట్టుకున్నాను.

పిడుగు పడుతుందని చూశాను. చిన్నపోలయ్య మామ నిమ్మళంగా చుట్ట వెలిగించుకున్నాడు.

"కూర్చో తల్లీ," అన్నాడు. "టీము ఎవురు వేస్తారో ఊరందరికీ తెలుసు. నీకు తెలుసో లేదో తెలీక నోరు మూసుకున్నాం."

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత ఇద్దరు. తర్వాత షెడ్డంతా. రంగనాయకులు తలొంచుకునే నవ్వాడు. దురాయి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, మా అన్న కూడా. బెన్హర్‌ను వచ్చే ఏడుకు పిలుచుకున్నారు.

అందరికంటే గట్టిగా నవ్వింది నా మొగుడు. వల ఒళ్ళోంచి జారిపోయేటంతగా, కళ్ళలో నీళ్ళు వచ్చేటంతగా నవ్వాడు. ఇరవైమూడేళ్ళ కాపురంలో ఆయన నా ఎదుట అలా నవ్వడం నేను చూడలేదు. ఇన్నాళ్ళు చూడలేకపోయినందుకు నా గుండె తరుక్కుపోయింది.